సైకిలు గొలుసు సంగతి

గొలుసు అనే మాటకు మన ఇళ్ళలో ఒకటే అర్థం. అది మెడలో ఉంటుంది. దాన్ని తులాల్లో తూస్తారు. శ్రావణమాసం రాగానే దాని ప్రస్తావన వస్తుంది. తెలుగు పాఠం చెప్పుకొని బతికేవాణ్ణి గనుక నాకు ఇంకో గొలుసు కూడా తెలుసును: చెయ్యెత్తకుండా వెనకటి కరణాలు రాసిన గొలుసుకట్టు రాత. ఈ రెండూ కాక మూడో గొలుసొకటి ఉన్నదనీ, దాన్ని ఎంచడానికి బంగారం ఎంచేటంత శ్రద్ధ కావాలనీ రెండేళ్ళ క్రితం దాకా నేను ఆలోచించనే లేదు.

చెప్పినది మా మేనకోడలు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతూ మా ఇంట్లోనే ఉంటున్నది. ఒకనాటి రాత్రి భోజనాల దగ్గర, "మామయ్యా, మంచి గొలుసొకటి కొనాలి. తోడు వస్తావా?" అన్నది. మా ఆవిడ ముఖం వికసించింది. "ఇన్నాళ్ళకు నీకు ఆ బుద్ధి పుట్టిందన్నమాట!" అని, ఏ కొట్లో తరుగు తక్కువ తీస్తారో, ఏ కొట్లో మాట ఒకటీ తూకం ఒకటో విడమరిచి చెప్పడం మొదలుపెట్టింది.

"మెడకు కాదత్తయ్యా, సైకిలుకు," అన్నది పిల్ల.

మా ఆవిడ మజ్జిగ గిన్నె అక్కడ పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ సైకిలు సంగతి చెబితేగాని గొలుసు సంగతి బోధపడదు. మనం తొక్కే మామూలు సైకిలుకు వెనక చక్రంలో ఫ్రీవీలు ఉంటుంది. కాళ్ళు ఆపినా చక్రం తన దారిన తాను పోతుంది. పల్లంలో కాళ్ళు కదపకుండా, టకటకమనే ఆ చప్పుడు వింటూ, గాలికి చొక్కా ఎగురుతూ ఉండగా కూర్చోవడం సైకిలు సుఖాల్లోకెల్లా పెద్ద సుఖం. మా అమ్మాయి సైకిలుకు ఆ సుఖం లేదు. దానికి వెనక పళ్ళచక్రాన్ని చక్రానికే బిగించేస్తారు. చక్రం తిరిగినంతసేపూ పెడళ్ళు తిరుగుతాయి. పెడళ్ళతోబాటు కాళ్ళూ తిరగవలసిందే. వేగం తగ్గాలంటే తిరిగే పెడళ్ళను కాళ్ళతో వెనక్కి అదిమిపట్టాలి. దీన్నే ఫిక్స్‌డ్ గేరు అంటారు.

ఇదేమి వింత అనుకోకండి. తొలి రోజుల సైకిళ్ళకు ఫ్రీవీలు ఉండేది కాదు. 1903లో మొదలైన టూర్ డి ఫ్రాన్స్ పందెంలో కూడా, తొక్కుతూ గేర్లు మార్చుకునే డిరైలర్లను 1937 దాకా రానివ్వలేదు. అంచులు పైకి వాలిన గుండ్రటి బాట మీద జరిగే ట్రాకు పందాలకు ఈనాటికీ ఫిక్స్‌డ్ గేరే, బ్రేకు ఉండకూడదు. జపానులో 1948లో మొదలైన కేరిన్ పందాలు అవే సైకిళ్ళ మీద జరుగుతాయి. 2000 సంవత్సరంలో సిడ్నీ ఒలింపిక్సులో ఆ పందెం కూడా చేరింది. మన హైదరాబాదులో ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో 2002 జాతీయ క్రీడలకోసం కట్టిన వెలోడ్రోము ఉన్నది. మా అమ్మాయి సాధన అక్కడ.

ట్రాకు మీద తొక్కితే ఎవరికీ అభ్యంతరం లేదు. కాని ట్రాకు దాకా వెళ్ళాలిగదా! అందుకు మన హైదరాబాదు రోడ్లు తప్ప వేరే దారి లేదు. ఒంగోలు నుంచి మా చెల్లెలు ఫోను చేసింది. "అన్నయ్యా, పిల్లను నీ చేతుల్లో పెట్టాను. అదేదో ఆపితే ఆగని సైకిలట! ఎక్కనివ్వకు," అన్నది. ఆ మాట అంటున్నప్పుడు దాని గొంతు బాగా లేదు. వద్దని నేను ఒక్క మాట అంటే అమ్మాయి ఎక్కదు. అదీ నాకు తెలుసును. మొగమాటానికి మానేసిన పిల్ల మనసులో ఆ తరువాత మేనమామకు ఏ చోటు మిగులుతుందో, ముప్పయ్యేళ్ళు బడిలోనూ కాలేజీలోనూ పిల్లల మధ్య గడిపినవాడికి ఒకరు చెప్పనక్కరలేదు. ఇద్దరికీ మాట పోకుండా ఉండాలంటే ముందు ఆ సైకిలేమిటో నేను తెలుసుకోవాలి.

ఆ వారంలోనే మా కాలనీ మలుపులో ఒక కుర్రవాడు ఇలాంటి సైకిలు మీంచే పడ్డాడు. వేగంగా ఏమీ రావడం లేదు. చైను వదులుగా ఉండి వెనక పళ్ళమీంచి జారింది. జారినది ఊరుకోక పళ్ళచక్రానికీ చట్రానికీ మధ్య ఇరుక్కుని చక్రాన్ని బిగబట్టేసింది. భుజం గీసుకుపోయింది, అంతటితో పోయింది. వెనక బస్సు రాకపోవడం వాడి అదృష్టం. మామూలు సైకిలుకు చైను ఊడితే దిగి, చేతులకు మసి అంటించుకుని, మళ్ళీ ఎక్కించుకుని పోతాం. ఈ సైకిలుకు చైనే బలం, చైనే పగ్గం. ముందుకు తొక్కేటప్పుడు గొలుసు పై వరస బిగుస్తుంది; ఆపబోయేటప్పుడు కింది వరస బిగుస్తుంది. రెండు వైపులా మాట నిలబెట్టుకోవలసిన గొలుసు ఇది.

అందుకని మర్నాడు అమ్మాయితో కలిసి, మా పేటలో నలభై ఏళ్ళుగా సైకిలు షాపు నడుపుతున్న ముసలాయన దగ్గరికి వెళ్ళాను. ఆయన్ను పేటంతా చాచా అంటుంది. ఆయన ఒక పాత చైను ముక్క నా చేతిలో పెట్టి, "చూడు సార్, ఇందుల ఎన్ని సామాన్లున్నయో లెక్కపెట్టు," అన్నాడు.

లెక్కపెట్టాను. చైనులో రెండు రకాల లింకులు ఒకదాని పక్కన ఒకటి వస్తాయి. లోపలి లింకులో రెండు రేకులు, రెండు సన్నని గొట్టాలు, ఆ గొట్టాల మీద తిరిగే రెండు రోలర్లు. బయటి లింకులో రెండు రేకులు, రెండు పిన్నులు. పిన్ను గొట్టంలో తిరుగుతుంది. రోలరు పంటి మీద దొర్లుతుంది. రెండు లింకులకు పది భాగాలు. వంద లింకుల చైనులో అయిదువందలు! మనం ఒక్కటే అనుకునే వస్తువులో అయిదువందల ముక్కలు ఒకరికొకరు చెయ్యందించుకుని పనిచేస్తున్నాయన్నమాట. ఈ ఏర్పాటుకు 1880లో పేటెంటు తీసుకున్నవాడు మాంచెస్టరులో స్థిరపడిన హాన్స్ రెనాల్డు. అయిదేళ్ళ తరువాత, 1885లో, జాన్ కెంప్ స్టార్లీ గొలుసుతో వెనక చక్రం తిరిగే రోవర్ సైకిలు తెచ్చాడు. 1903లో రైటు సోదరుల విమానంలో ఇంజను బలాన్ని రెండు ప్రొపెల్లర్లకూ మోసినవి కూడా గొలుసులే. వాళ్ళు సైకిళ్ళ కొట్టు నడిపినవాళ్ళు మరి!

అలంకారశాస్త్రంలో ముక్తపదగ్రస్తమని ఒకటి ఉన్నది. ఒక పాదం చివర విడిచిన పదాన్ని తరువాతి పాదం మొదట్లో మళ్ళీ అందుకోవడం. పంటి వెంట పన్ను చైనును అందుకోవడం, విడవడం చూస్తూంటే నాకు అదే తోచింది. ఇన్నేళ్ళుగా క్లాసులో ఆ అలంకారానికి ఉదాహరణ వెతుక్కుంటున్నాను. చాచా షాపులో గోడకు వేలాడుతున్నది.

ఇక ఎంపిక. చైను కొనేటప్పుడు మొదట చూడవలసింది వెడల్పు. లింకు నుంచి లింకుకు దూరం అన్ని సైకిళ్ళకూ అర అంగుళమే. లోపలి వెడల్పులోనే తేడా. ట్రాకు సైకిళ్ళకూ మన పాత సైకిళ్ళకూ వాడేది అంగుళంలో ఎనిమిదో వంతు వెడల్పు చైను. గేర్ల సైకిళ్ళవి అంతకంటె సన్నం. ఆ చైన్లు పక్కకు వంగి ఒక పళ్ళచక్రం మీంచి ఇంకో దానిమీదికి దూకాలి. అందుకే సన్నగా, మెతగ్గా చేస్తారు. మన చైను ఎక్కడికీ దూకనక్కరలేదు. పుట్టిన వరసలోనే తిరిగి తిరిగి అక్కడే ముసలిదవుతుంది. దానికి కావలసింది నాజూకు కాదు, నిబ్బరం. పళ్ళచక్రాలు ఎనిమిదో వంతువైతే సన్నచైను వాటిమీద కూర్చోనే కూర్చోదు. పళ్ళు సన్నవైనా వెడల్పు చైను మటుకు నడుస్తుంది.

రెండోది ఆ గొట్టం. ఈ రోజుల్లో చాలా చైన్లలో విడి గొట్టం ఉండదు. లోపలి రేకునే కొద్దిగా ఉబ్బెత్తుగా లాగి ఆ పని చేయిస్తారు. గేర్ల సైకిలుకు అది బాగానే సరిపోతుంది. కాని తిన్నగా నడిచే ఒంటి గేరుకు పూర్తి గొట్టం ఉన్న చైను దొరికితే, పిన్నుకు ఆనుకునే చోటు ఎక్కువ. భారం అంతమేరా పంచుకుంటుంది. మూడోది రంగు. బంగారు పూత, ఎర్ర పూత, నల్ల పూత అన్నీ ఉన్నాయి. అమ్మాయి బంగారు రంగు దానివంక ఒకసారి చూసింది. చాచా నవ్వి, "బయట ఎంత మెరిస్తే ఏమున్నది బేటా, అరిగేది లోపట," అన్నాడు.

పళ్ళ సంఖ్య కూడా చైను ఆయువును తేలుస్తుంది. ముందు 42 పళ్ళు, వెనక 14 ఉన్నా, ముందు 48, వెనక 16 ఉన్నా, పెడలు ఒకసారి తిరిగితే చక్రం మూడుసార్లే తిరుగుతుంది. తొక్కేవాళ్ళకు ఏమీ తేడా తెలియదు. గొలుసుకు తెలుస్తుంది. చక్రాలు పెద్దవైనకొద్దీ గొలుసు మీద పడే లాగుడు తగ్గుతుంది; ఈ లెక్కలో ఎనిమిదో వంతు తగ్గుతుంది. లింకు వంగవలసిన వంపూ తగ్గుతుంది. కాస్త బరువు పెరిగినా మేము 48, 16 తీసుకున్నాము.

కొన్నది కొన్నట్టు ఎక్కిస్తే చాలదు. ముందు పళ్ళచక్రమూ వెనక పళ్ళచక్రమూ ఒకే వరసలో ఉండాలి. వెనకనుంచి ఒంటికన్నుతో చూస్తే గొలుసు గీత గీసినట్టు కనిపించాలి. వంకరగా నడిచే చైను రేకులు ఒరుసుకుని త్వరగా అరుగుతుంది. జారడానికి సాకు వెతుక్కుంటుంది. తరువాత బిగువు. గేర్ల సైకిలుకు స్ప్రింగు చెయ్యి ఒకటుండి, చైను వదులైతే తానే లాక్కుంటుంది. మనకు ఆ చెయ్యి పనికిరాదు. వెనక్కి అదిమిన క్షణంలో కింది వరస బిగిసి దాన్ని విరిచేస్తుంది. కాబట్టి వెనక చక్రాన్ని చట్రంలో ముందుకూ వెనక్కూ జరిపి బిగువు మనమే కుదర్చాలి. రెండు చక్రాల నడుమ చైనును వేలితో నొక్కితే పైకీ కిందికీ కలిపి పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా ఆడాలి. పళ్ళచక్రం ఎంత మంచిదైనా అచ్చంగా గుండ్రంగా ఉండదు గనుక, పెడలును నెమ్మదిగా ఒక చుట్టు తిప్పుతూ ఎక్కడ అన్నిటికంటె బిగువుగా ఉన్నదో చూసి, అక్కడ ఈ లెక్క సరిపెట్టాలి. తీగలా బిగిస్తే బేరింగులు పాడు. వేలాడదీస్తే ప్రాణానికి పాడు.

చైను రెండు కొసలను కలిపేది లాకు. దానిమీద స్ప్రింగు రేకు ఒకటి చేప ఆకారంలో ఉంటుంది: ఒకవైపు మూసిన తల, ఒకవైపు చీలిన తోక. గొలుసు పోయే దిక్కుకు తల ఉండాలి, తోక వెనక ఉండాలి. తిరగేస్తే దేనికైనా తగిలినప్పుడు ఊడిపోవచ్చు. చేప ఎటు ఈదుతుందో తెలిసినవారికి ఇది మరపు రాదు.

ఇంతకీ చైను ఎన్నాళ్ళు వస్తుంది? ఈ ప్రశ్న దుమ్మును అడగాలి. మా నాన్నగారు ప్రాథమిక పాఠశాలలో పనిచేసేవారు. ఆయన సైకిలుకు నిండా మూసిన చైను కవరు ఉండేది. పదో తరగతి దాకా సైకిలు చైను ఎలా ఉంటుందో నేను చూడనే లేదు. అదొక ఘోషా స్త్రీ. ఆ కవరు బట్టలకు మసి అంటకుండా పెట్టినది మాత్రమే అనుకునేవాణ్ణి. దుమ్మునూ వాననూ చైను దగ్గరికి రానివ్వకపోవడమే దాని అసలు ఉద్యోగం. ట్రాకు సైకిలుకు కవరు ఉండదు. కవరు చేసే పని మనిషి చేయాలి.

నూనె ఎక్కడ కావాలో తెలిస్తే పని సగం అయినట్టే. పిన్నుకూ గొట్టానికీ మధ్య, రోలరుకూ గొట్టానికీ మధ్య. అంటే కంటికి కనబడని చోట. రేకుల పైన కారేది దండగ. దండగే కాదు, దానికి దుమ్ము అంటి సానబట్టే ముద్దలా తయారై, లోపలికి దిగి పిన్నును అరగదీస్తుంది. గ్రీజు పూసి నల్లగా మెరిపిస్తే పోషణ చేసినట్టు కాదు. రోలరు రోలరుకూ ఒక్క చుక్క వేసి, కాసేపు ఆగి, పొడి గుడ్డతో పైనంతా తుడిచేయాలి. వంద లింకులకు వంద చుక్కలు. ఆదివారం పొద్దున మా వరండాలో అమ్మాయి ఈ పని చేస్తూంటే జపమాల తిప్పుతున్నట్టే ఉంటుంది. మా ఆవిడ పూజ గదిలోంచి తొంగిచూసి, "నీ నూటెనిమిది ఎక్కడికి వచ్చింది?" అని అడుగుతుంది.

మట్టి పట్టినప్పుడు చైను విప్పి కిరసనాయిలులోగాని, సైకిలు షాపుల్లో అమ్మే శుద్ధిచేసే ద్రావకంలోగాని కడిగి, పూర్తిగా ఆరిన తరువాతనే నూనె వేయాలి. లోపల తడి ఉండగా వేసిన నూనె పలచబడి కారిపోతుంది. వానలో తడిసివస్తే ఆ రోజే తుడవాలి. రేపు అన్నారంటే తుప్పు ఆ మాట వింటుంది.

ఇక్కడ ఒక్క హెచ్చరిక పెద్ద అక్షరాలతో రాయవలసినది. ఫిక్స్‌డ్ గేరు సైకిలును ఎత్తిపెట్టి చక్రం గిరగిర తిప్పుతూ చైనుకు గుడ్డ పట్టకూడదు. ఫ్రీవీలు లేదు గనుక తిరిగే చక్రం ఊపంతా గొలుసులో ఉంటుంది. గుడ్డనూ, గుడ్డతోబాటు వేలునూ పళ్ళ మధ్యకు లాగేసుకుంటుంది. జానెడు జరపడం, ఆపడం, తుడవడం; మళ్ళీ జానెడు జరపడం. పిల్లలున్న ఇళ్ళలో ఇది మరీ గుర్తుంచుకోవాలి.

చైను సాగిందని అందరూ అంటారు. చాచా ఒప్పుకోడు. "ఉక్కు సాగది సార్. పిన్ను అరుగుతది, గొట్టం అరుగుతది. నూరు దిక్కుల ఇంతింత సందు వస్తే అంతా కలిసి పొడుగు కనబడ్తది," అంటాడు. కొలిచే ఉపాయం కూడా ఆయనే చూపించాడు. ఉక్కు స్కేలు తీసుకుని ఒక పిన్ను నడుమనుంచి 24 లింకులు కొలవాలి. కొత్త చైను అయితే సరిగ్గా 12 అంగుళాలు ఉంటుంది. దానికి అంగుళంలో పదహారో వంతు పెరిగితే చైను మార్చాలి. ఎనిమిదో వంతు పెరిగేదాకా ఊరుకుంటే అప్పటికి అది పళ్ళచక్రాలను కూడా తినేసి ఉంటుంది. ఆ పళ్ళమీద కొత్త చైను వేసినా సరిగా కూర్చోదు. ఒక చైను ఖరీదు మిగుల్చుకోబోయి మూడింటికి డబ్బు పోస్తామన్నమాట. చూపుకు నిగనిగలాడే చైను స్కేలు దగ్గర ఓడిపోవచ్చు, మసిబారినది నెగ్గనూవచ్చు. కంటిని నమ్మకుండా కొలతను నమ్మడమే ఇందులో ఉన్న చదువంతా.

ఇన్ని తెలిసిన తరువాత అమ్మాయినీ నేనూ కూర్చోబెట్టి మాట్లాడుకున్నాము. రోడ్డు మీద ముందు చక్రానికి బ్రేకు ఉండి తీరాలి. ట్రాకు గుమ్మం దగ్గర విప్పుకోవచ్చు. గొలుసు ఎంత గట్టిదైనా ఊడితే కాళ్ళు ఏమీ చేయలేవు గనుక, గొలుసు ఒక్కదాని మీదే ప్రాణం పెట్టడం ధైర్యం కాదు, లెక్క రాకపోవడం. ప్రతి నెలా మొదటి ఆదివారం నా ఎదుట చైను కొలవాలి. అమ్మాయి ఒక్క క్షణం ఆలోచించి, "సరే మామయ్యా. కాని కొలిచేది నేను, చదివేది నువ్వు," అన్నది. బ్రేకు బిగించుకునే వీలున్న ఫోర్కును తానే వెతికి తెచ్చింది.

మా చెల్లెలికి ఏం చెప్పాలన్నది మిగిలింది. భయపడకు అని చెప్పడం సులువు. ఆ మాటతో ఏ తల్లి భయమూ పోలేదు. అందుకని మొదటి కొలత తేదీతోసహా రాసి పంపాను: 12 అంగుళాలు, సరిగ్గా. మరుసటి నెలా అంతే. ఎనిమిదో నెలలో స్కేలు మీద వెంట్రుకవాసి తేడా వచ్చింది, అదీ రాశాను. దానికి మా చెల్లెలు పంపిన జవాబులో భయం మాట లేదు, ఎక్కనివ్వకు అన్న మాటా లేదు. "పదహారో వంతు దాకా ఆగకండి. కొత్తది ఇప్పుడే కొనెయ్యండి, డబ్బు నేను పంపుతాను," అని రాసింది.